రెండో పొయ్యి

ఇరవై రెండేళ్లుగా లెక్కలాయన మనసులో ఒకటే సందేహం నలుగుతోంది. కంటికి రెండు పొగలు కనిపిస్తూ, చెవికి ఒక్కటే పొయ్యి అని వినిపిస్తే, దేవుడంటే భయమున్న మనిషి కాగితం మీద ఏది రాయాలి?

ఆయన ఉద్యోగం మనుషుల్ని లెక్కపెట్టడం. ప్రభుత్వం ఏ పథకం పెట్టినా, ముందు ఎవరో ఒకరు వెళ్లి ఏ ఊళ్లో ఎన్ని కుటుంబాలున్నాయో, ఎన్ని పశువులున్నాయో, ఎన్ని గోడలు మట్టివో ఎన్ని ఇటుకవో రాసుకు రావాలి కదా. ఆ వెళ్లే మనిషి ఈయన. భుజానికి సంచీ, జేబులో రెండు పెన్నులు. ఏ ఊళ్లో అడుగుపెట్టినా "లెక్కలాయన వచ్చాడు" అనేవారు. అదే పేరుగా స్థిరపడిపోయింది. కోపం వచ్చినప్పుడు భార్య కూడా "ఏమండీ లెక్కలాయనగారూ" అనే పిలిచేది.

"లోకంలో ఇళ్లన్నీ లెక్కపెట్టారు. మన ఇంట్లో ఎంతమందో చెప్పండి చూద్దాం? ఒకటిన్నర. నేనొకదాన్ని, మీరు సగం. మిగతా సగం ఆ కొండ మలుపు ఊళ్లో వదిలేసి వచ్చారు."

ఆవిడ నవ్వుతూనే అనేది. ఆయన మాత్రం నవ్వలేకపోయేవాడు. నిజమే మరి.

అప్పట్లో వచ్చిన పథకం మంచిదే. దాన్ని తప్పు పట్టడానికి ఆయనకి ఇప్పటికీ మనసు రాదు. పల్లెలకు రోడ్డు వేస్తారు, బస్సు నడుపుతారు, పాలు కొనే కేంద్రం పెడతారు, వారానికి మూడు రోజులు నర్సు వస్తుంది. అయితే అన్ని ఊళ్లకూ ఒకేసారి చెయ్యలేరు. అందుకని ఒక గీత గీశారు. నలభై కుటుంబాలున్న ఊళ్లు మొదటి జాబితా. అంతకు తగ్గినవి రెండో జాబితా, వాటి సంగతి తర్వాత. ఎక్కడో ఒకచోట గీత గియ్యక తప్పదు. గీసినవాడికి ఆ గీత అవతల ఎవరు నిలబడ్డారో కనిపించదు, అంతే.

కుటుంబం అంటే ఏమిటో కూడా కాగితంలో రాసి ఉంది. ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన ఒక కుటుంబం కాదు. ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. పొయ్యి వేరైతే కుటుంబం వేరు.

కొండ మలుపు ఊళ్లో ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇల్లిల్లూ తిరిగాడు. చిట్టచివర ఇద్దరన్నదమ్ముల పెద్దిల్లు. అప్పటికి ముప్ఫై ఎనిమిది రాశాడు. పెద్దన్నగారు వీధి అరుగు మీద కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. ఊళ్లో సగంమంది చుట్టూ మూగారు. అడగాల్సినవన్నీ అడిగాడు. అన్నగారు గొంతు సవరించుకుని, "మాది ఒకటే పొయ్యండీ. మా నాన్న పోయినా మేము విడిపోలేదు" అన్నాడు. తమ్ముడు తల వంచుకుని గోడకి ఆనుకున్నాడు. ఆ మాట వింటూ లెక్కలాయన తలెత్తి చూస్తే, ఇంటి వెనక నుంచి రెండు పొగలు లేస్తున్నాయి. పెరటికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. గాలి లేదు. రెండూ నిటారుగా పైకి వెళుతున్నాయి.

ఆయన ఒకటి అని రాశాడు. ముప్ఫై తొమ్మిది.

ఇంటి యజమాని చెప్పిన మాట రాయడం నిబంధన. అన్నగారి మాటని అంతమంది ఎదుట కాదనడం మర్యాద కాదు. పైగా రెండో పొగ నీళ్లు కాచుకునే పొయ్యిది కావచ్చు. ఇలా తనకి తానే మూడు కారణాలు చెప్పుకున్నాడు. ఒక పనికి మూడు కారణాలు చెప్పుకోవలసి వచ్చిందంటే ఆ పనిలో ఏదో తేడా ఉన్నట్టేనని ఆయనకి తర్వాత తెలిసింది.

ఊరు రెండో జాబితాలోకి వెళ్లింది. ఆ "తర్వాత" రాలేదు. రోడ్డు అవతలి ఊరి దాకా వచ్చి ఆగిపోయింది. పాలు అంత దూరం మోసుకెళ్లేసరికి విరిగిపోయేవి, గేదెల్ని అమ్ముకున్నారు. పిల్లల చదువు కోసం కొందరు కదిలారు, పెళ్లి సంబంధాల కోసం కొందరు. పిండిమర మూసేశాక మిగిలినవాళ్లలో సగంమంది సర్దుకున్నారు. లెక్కలాయన మాత్రం ఏటేటా ఆఫీసులో ఆ ఊరి కాగితం తీసి చూసేవాడు. ముప్ఫై ఒకటి. ఇరవై నాలుగు. పదిహేను. దేవుడి పటం ముందు కూర్చున్నప్పుడు అందరి గురించీ అడిగేవాడు, ఈ ఒక్క సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. దేవుడు అన్నీ చూస్తాడంటారు. చూసి ఊరుకుంటాడు. ఒకసారైనా చెప్పచ్చు కదా, నువ్వు చేసింది తప్పనో ఒప్పనో.

ఇప్పుడు కాలం మారింది. కొత్తగా వచ్చిన అధికారులు, చిన్న ఊళ్లు ఖాళీ అయిపోతున్నాయి, వాటిని నిలబెట్టాలి అన్నారు. మళ్లీ ఒక పథకం, మళ్లీ ఒక గీత. ఈసారి తొమ్మిది పొయ్యిలు. తొమ్మిది ఉంటే మంచినీళ్ల గొట్టం వేస్తారు, వారానికి రెండుసార్లు వ్యాను వస్తుంది, నర్సు వస్తుంది. తగ్గితే ఊరిని జాబితా నుంచి కొట్టేసి, ఉన్నవాళ్లని ఫ్యాక్టరీ దగ్గర కట్టిన కొత్త ఫ్లాట్లలోకి మారుస్తారు. కాగితం బదులు చేతికి ట్యాబు ఇచ్చారు. పొయ్యి ఉందని రాస్తే చాలదు, వెలుగుతున్న పొయ్యి ఫొటో తీసి పెట్టాలి. ఏడాదిలోపు చెప్పకుండా రెండుసార్లు తనిఖీకి వస్తారు.

రిటైరవడానికి ఏడు నెలలుంది. తన కింద పనిచేసే కుర్రాళ్లకి మిగతా ఊళ్లన్నీ పంచిపెట్టి, కొండ మలుపు ఊరు మాత్రం తన పేరు మీద రాసుకున్నాడు.

"వెళ్లండి" అంది భార్య, అన్నం క్యారేజీ సర్దుతూ. "వెళ్లి అడిగేసి రండి. ఇరవై రెండేళ్లుగా ఆ ఇల్లు మనిద్దరి మధ్య పడుకుంటోంది. నాకు అటు తిరగడానికి చోటు లేదు, ఇటు తిరగడానికి చోటు లేదు."

"తొమ్మిది లేకపోతే?"

"లేకపోతే లేవని రాయండి. లేనివి పుట్టించడానికి మీరేమన్నా బ్రహ్మదేవుడా?"

తారు రోడ్డు ఆగినచోట స్కూటరు పెట్టేసి, మిగతా దూరం నడిచాడు.

ఊళ్లోకి అడుగుపెట్టగానే ఆయన కళ్లు అలవాటు చొప్పున లెక్క మొదలుపెట్టాయి. తాళం. తాళం. తాళం లేదు గానీ తలుపూ లేదు. తాళం, దాని మీద తుప్పు. ఒక ఇంటి ముందు అరుగు మీద పిల్లల బొమ్మ బండి చక్రం లేకుండా పడి ఉంది. ఒక కిటికీకి ఇంకా కర్రతో కట్టిన తెర ఉంది, ఎండకి రంగు పోయి తెల్లబడిపోయింది. వీధి పొడవునా తన చెప్పుల చప్పుడే తనకి వినిపించింది. ఏ కుక్కయినా మొరిగితే బాగుండుననిపించింది.

మూడో సందు దగ్గర కుట్టుమిషను చప్పుడు వినిపించి, ప్రాణం లేచి వచ్చినట్టయింది.

దర్జీ అరుగు మీద కూర్చుని పాత చొక్కా ఒకటి తిరగేసి కుడుతున్నాడు. వయసు అరవై దాటి ఉంటుంది. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క.

"లెక్కలాయనగారేనా?" అన్నాడు తల ఎత్తకుండానే. "చెప్పులు చూసి పోల్చాను. ఇప్పుడు ఈ ఊళ్లో పదమూడు జతల చెప్పులున్నాయి, అన్నీ నాకు తెలుసు. మీవి పద్నాలుగో జత."

"నన్ను గుర్తుపట్టావా?"

"ఎలా మరిచిపోతానండీ. ఆ రోజు మీ చొక్కా గుండీ ఊడితే నేనే కుట్టాను. ఇంకా ఉందా?"

"చొక్కా పోయిందయ్యా."

"నేను కుట్టిన గుండీ చొక్కా పోయినా పోదు. తీసి దాచుకోవలసింది" అని నవ్వాడు. మిషను ఆపి లేచాడు. "పదండి, చూపిస్తాను. ఒక్కరే తిరిగితే ఏ తలుపు వెనక మనిషున్నాడో మీకు తెలియదు. మాకే ఒక్కోసారి తెలియదు."

ఇద్దరూ బయలుదేరారు. దర్జీ పొయ్యి ఒకటి. తేనె పట్టేవాడిది ఒకటి. చూపు ఆనని రిటైర్డు పోస్టుమాను, ఆయన చెల్లెలు, వాళ్లది ఒకటి. బుట్టలల్లే మొగుడూపెళ్లాలది ఒకటి, వాళ్లింట్లోనే ఊరి మొత్తానికి ఒక్కగానొక్క పసిపిల్ల ఉంది. అందరి పొయ్యిలకీ లెక్కలాయన ఫొటోలు తీశాడు. పోస్టుమాను చెల్లెలు, "నాది కూడా తియ్యి నాయనా, పొయ్యి ఒక్కదాన్నే తీస్తే ఏం బాగుంటుంది" అని పమిట సర్దుకుని పొయ్యి పక్కన నిలబడింది. ఊరి అంచుదాకా వెళ్లి వచ్చేసరికి ఏడు లెక్కతేలాయి.

"ఇక మిగిలింది?" అన్నాడు లెక్కలాయన. తెలిసే అడిగాడు.

"పెద్దిల్లు. అన్నదమ్ములిద్దరూ ఏడాది తేడాలో పోయారు. తోడికోడళ్లిద్దరూ ఉన్నారు."

లెక్కలాయన వీధి మధ్యలో ఆగిపోయాడు. ఇన్నేళ్లుగా మోస్తున్న మాట ఇక ఆగలేదు. "ఒక సంగతి అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యిలు ఒకటా, రెండా?"

దర్జీ ఆయన మొహంలోకి వింతగా చూశాడు. "రెండేనండీ. అప్పటికి మూడేళ్లయింది వాళ్లు వేరు పడి. చిన్నామె వండిన కూరలో ఉప్పు లేదని పెద్దామె ఓ మాటందట. ఆ ఉప్పు దగ్గర మొదలైంది."

లెక్కలాయన కళ్లు మూసుకున్నాడు. "అంటే నలభై. నేను రెండని రాసి ఉంటే నలభై అయ్యేది."

"నలభయ్యా? భలేవారే. నలభై నాలుగండీ."

"ఏమిటీ?"

"వేరు పొయ్యిలు ఆ ఒక్కింట్లోనేనా ఉన్నాయి? తేనెవాళ్లింట్లో తండ్రీకొడుకులు వేరు. మిల్లువాళ్లు వేరు. ఇంకో ఇల్లు. మీరు వస్తున్నారని తెలిసి పొద్దున్నే మధ్యలో కట్టిన గోనెపట్టాలు విప్పేశారు. మా ఇంట్లోనూ అంతే. మా తమ్ముడూ నేనూ మాటల్లేక ఆర్నెల్లయింది, ఆ రోజు మాత్రం మీ ముందు భుజం మీద చెయ్యేసి నిలబడ్డాం. మీరు వెళ్లగానే తీసేశాం."

"ఎందుకయ్యా అలా? వేరని చెబితే ఊరికి మంచి జరిగేది కదా!"

"మాకేం తెలుసు సార్? మీరు పొయ్యిలెన్ని అని అడగలేదుగా."

"అడిగాను."

"లేదండీ. నాకు బాగా గుర్తు. ఇంటింటికీ వచ్చి, 'అందరూ కలిసే ఉంటున్నారు కదమ్మా?' అని నవ్వుతూ అడిగారు. ఎవరో పెద్దమనిషి, భుజాన సంచీ వేసుకుని గుమ్మంలోకొచ్చి, కలిసే ఉంటున్నారు కదా అంటే, లేదండీ కొట్టుకుని విడిపోయామని ఎవరు చెబుతారు?"

లెక్కలాయనకి చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. కాగితంలో "పొయ్యిలు ఎన్ని" అనే ఉంది. ఆ మాట అలా అడగడానికి ఆయనకి నోరు రాలేదు. నిండు కాపురాన్ని చూసి, మీరు ఎన్ని ముక్కలయ్యారు అని అడిగినట్టుంటుందని, సంసారి మనసుతో, మర్యాదగా తిప్పి అడిగాడు. ఆ ఒక్క ఊళ్లోనే కాదు, ప్రతి ఊళ్లోనూ అలాగే అడిగాడు. ఇన్నేళ్లూ ఒక పొగ గురించి బాధపడ్డాడు. తను చూడని పొగలు ఇంకా నాలుగున్నాయి. మిగతా ఊళ్లలో ఎన్నో దేవుడికే తెలియాలి.

"మరి ఇన్నేళ్లలో ఎవరూ నన్ను తిట్టుకోలేదా?"

"మిమ్మల్నెందుకండీ? మమ్మల్ని మేమే తిట్టుకున్నాం. అదైనా కొన్నాళ్లే. తిట్టుకోవడానికి కూడా ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా" అన్నాడు దర్జీ. పెద్దింటి గుమ్మందాకా వచ్చి, "నేను రాను, మిషను మీద గుడ్డ వదిలేసి వచ్చాను" అని వెనక్కి తిరిగాడు. నాలుగడుగులేసి, "సార్, ఏడూ రెండూ తొమ్మిది" అన్నాడు. అని, అలా అన్నందుకు సిగ్గుపడినట్టు గబగబా వెళ్లిపోయాడు.

తోడికోడళ్లిద్దరూ పెరట్లో ఉన్నారు. పెద్దామె మోకాళ్లు చాపుకుని ధాన్యం చెరుగుతోంది. చిన్నామె మేకపిల్లకి కాలికి కట్టు కడుతోంది. పెరటికి ఒక చివర వంటసాల, పొయ్యిలో నివురు. ఇంకో చివర పాత పాక, నిండా గడ్డి.

"రండి అన్నయ్యగారూ" అంది చిన్నామె లేచి. "మీరొస్తారని దర్జీ నాలుగు రోజుల కిందటే చెప్పాడు."

ఆయన పీట మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. ఈసారి నవ్వలేదు, తిప్పలేదు.

"అమ్మా, ఈ ఇంట్లో పొయ్యిలు ఎన్ని?"

"రెండు" అంది చిన్నామె.

"ఒకటి" అంది పెద్దామె.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అక్కా, నువ్వుండు."

"నేనెందుకుంటానే? ఆయన పోయి నాలుగేళ్లు, నీ మొగుడు పోయి మూడేళ్లు. అప్పటినుంచీ ఒక కుండలో తింటున్నాం. రెండెక్కడివి?"

"అక్కా, ఏడే అయ్యాయట. మనం ఒకటంటే ఎనిమిదవుతాయి. ఊరు పోతుంది. ఫ్లాట్లలో మూడో అంతస్తట, నీ మోకాళ్లతో ఎక్కుతావా? మేకల్ని రానివ్వరట. వీటినేం చెయ్యను, మెళ్లో వేసుకు తిరగనా?"

"అందుకని అబద్ధమాడతావా?"

"ఆ రోజు రెండుండగా ఒకటన్నాం. ఇవాళ ఒకటుండగా రెండంటే చెల్లుకు చెల్లు."

లెక్కలాయనకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వేలు ట్యాబు మీద రెండు అనే అంకె దగ్గర ఆగింది. నొక్కేస్తే? నలభై నాలుగున్న ఊరికి ముప్ఫై తొమ్మిది రాసినవాడు, ఎనిమిదికి తొమ్మిది రాస్తే లోకం తలకిందులవుతుందా? పాకలో నాలుగు పుల్లలు వెలిగించి ఫొటో తీస్తే ఎవరడుగుతారు?

పెద్దామె చేట కింద పెట్టింది. "బాబూ, ఆ రోజు ఒకటని చెప్పింది మా ఆయన. మీరు వెళ్లాక మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఊరు జాబితాలో లేదని తెలిశాక, పోయేదాకా ఆ మాట నములుతూనే ఉన్నాడు. ఇంకో అబద్ధం నా నోటితో చెప్పించకండి."

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. తనొక్కడే అనుకున్నాడు ఇన్నేళ్లూ. ఇదే ఊళ్లో, ఇదే పెరట్లో, ఇంకో మనిషి కూడా అదే మాటతో నిద్రపోకుండా గడిపాడన్నమాట. ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఎంత బాగుండేది.

"ఫొటో కోసం ఒక పూట వెలిగిస్తే చాలదమ్మా" అన్నాడు మెల్లగా. "ఏడాదిలో రెండుసార్లు చెప్పకుండా వస్తారు. ఎప్పుడొచ్చినా రెండు పొయ్యిలు వెలుగుతూ ఉండాలి, రెండు చోట్ల తింటూ ఉండాలి. ఉన్నది ఒకటైతే నేను ఒకటే రాయాలి."

మేకపిల్ల కట్టు విప్పుకోవడానికి కాలు విదిలించింది. పెద్దామె చేత్తో నేల ఊతం పట్టుకుని, గోడ పట్టుకుని, లేచి నిలబడింది. వంటసాలలోకి వెళ్లింది. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక గిన్నె పట్టుకుని బయటికొచ్చి, పెరడు దాటి, పాక గుమ్మంలో పెట్టింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"నీ సామాను నీకిస్తున్నా. వేరు పడదాం."

చిన్నామె మేకపిల్లని వదిలేసి పాక దగ్గరికి వచ్చింది.

"ఉత్తుత్తిగా కాదే. నిజంగానే. ఇవాళ్టి నుంచీ నీది నీది, నాది నాది. అప్పుడు ఆయన రాసేది నిజమవుతుంది."

"నీ మోకాళ్లతో నువ్వు వండుకుంటావా?"

"పొయ్యి ముందు కూర్చోడానికి మోకాళ్లెందుకు?"

"నీళ్లెవరు తెస్తారు?"

"నీళ్లు నువ్వే తే. నీళ్లకి పొయ్యితో పనేముంది? అవునా బాబూ, నీళ్లు తేవచ్చునా?"

"తేవచ్చమ్మా" అన్నాడు లెక్కలాయన. "నీళ్ల సంగతి అందులో లేదు."

పంపకాలు మొదలయ్యాయి. పాతికేళ్ల కిందట వేరు పడ్డప్పుడు ఈ ఇంట్లో గరిటె గరిటెకీ గొడవైందట, ఇత్తడి బిందె కోసం జుట్లు పట్టుకునేదాకా వెళ్లిందట. ఇప్పుడూ గొడవే. "పెద్ద కుండ నువ్వు తీసుకో." "నాకెందుకు, నీకే కావాలి." "మందపాటిది నీ దగ్గరుండనీ, నీకు అడుగంటుతుంది." "నాకెప్పుడు అడుగంటింది? నీ నోటికి ఇంకా హద్దులేదు." ఇత్తడి బిందె మూడుసార్లు పెరడు దాటింది, మూడుసార్లు తిరిగి వచ్చింది. చివరికి లెక్కలాయన లేచి దాన్ని మేకల దగ్గర పెట్టాడు.

పాకలో గడ్డి తీస్తే పాత పొయ్యి బయటపడింది. అందులో ఒక కోడి గుడ్ల మీద కూర్చుని ఉంది. చిన్నామె చెయ్యి పెట్టబోతే పొడిచింది. గంప తెచ్చి, గుడ్లు ఒక్కొక్కటే అందులోకి మార్చి, కోడిని రెండు చేతులా ఎత్తి కూర్చోబెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. లెక్కలాయన పంచె పైకి కట్టి మట్టి తడిపాడు. పొయ్యి అంచులకి చిన్నామె మెత్తింది. పెద్దామె తన పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక పెంకు మీద తెచ్చి, గుమ్మం దగ్గరే ఆగి, అందించింది. లోపలికి రాలేదు.

కాసేపట్లో పెరటికి రెండు చివర్ల నుంచీ పొగలు లేచాయి.

లెక్కలాయన రెండిటికీ ఫొటోలు తీశాడు. ఏడూ, ఎనిమిదీ, తొమ్మిదీ. ట్యాబులో ఆకుపచ్చ గుర్తు పడింది. అది చూసి సంతోషించాలి. ఊరికి గొట్టం వస్తుంది, వ్యాను వస్తుంది. కానీ ఆయన కళ్లు పెద్దామె మీదే ఉన్నాయి. ఆవిడ వంటసాలలో ఒక్కత్తే కూర్చుని, ఒక మనిషికి సరిపడా చిన్న గిన్నెలో బియ్యం కడుగుతోంది. మాట్లాడటానికి ఎవరూ లేక, పొయ్యితోనే ఏదో గొణుగుతోంది. అప్పుడు మర్యాదగా అడిగి, విడిపోయినవాళ్లని కాగితం మీద కలిపాడు. ఇప్పుడు సూటిగా అడిగి, కలిసినవాళ్లని నిజంగానే విడదీశాడు. ఇందులో ఏది పుణ్యమో ఏది పాపమో ఇంటికెళ్లి పటం ముందు కూర్చున్నా తేలేలా లేదు. అయినా ఈసారి నోటిదాకా వచ్చిన మాట ఆపుకోకూడదనుకున్నాడు.

సంచీ భుజాన వేసుకుని లేచాడు. "వస్తానమ్మా. పొద్దుండగానే స్కూటరు దగ్గరికి చేరాలి."

చిన్నామె పాక గుమ్మంలోకి వచ్చి అడ్డంగా నిలబడింది. "ఆ రోజు కూడా ఇలాగే అన్నారు."

"ఏ రోజు?"

"మీకు గుర్తుండదు లెండి. వీధిలో మీరు మా బావగారితో మాట్లాడుతుంటే నేను ఈ పొయ్యి మీదే వండాను. మీరు పెరటి దారిన వెళుతుంటే, అన్నయ్యగారూ, నా వంట ఒక ముద్ద తినివెళ్లండి అన్నాను. మీరు ఈ పొయ్యి చూశారు, నన్ను చూశారు. ఇంకోసారి వచ్చినప్పుడు తింటానమ్మా, నీకు బాకీ ఉంటాను అని తల వంచుకు వెళ్లిపోయారు."

ఆయనకి గుర్తు రాలేదు. ఎంత వెతికినా ఆ ముక్క మనసులో లేదు. పొగలు గుర్తున్నాయి. వాటి కింద నిలబడి పిలిచిన మనిషి గుర్తులేదు. తింటే రెండో పొయ్యి ఉందని ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి తినలేదు, మనిషిని కూడా అందుకే మరిచిపోయి ఉంటాడు.

"మా అక్క నా వంట బాగాలేదని వేరు పెట్టింది. ఆఫీసరుగారు కూడా తినకుండా వెళ్లిపోయారు. ఆ వేళ నేనెంత ఏడ్చానో ఈ పొయ్యికే తెలుసు."

ఆయన సంచీ దించాడు. క్యారేజీలో భార్య పెట్టిన అన్నం అలాగే ఉంది. దాన్ని పక్కకి జరిపి, మట్టి ఇంకా ఆరని పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

చిన్నామె మూత తీసింది. అన్నం గిన్నె నిండా పొంగి ఉంది. చూసి నాలిక కరుచుకుంది. చెయ్యి అలవాటుగా ఇద్దరికి కొలిచింది. "అక్కా..." అని పిలవబోయి, పెరటి అవతలికి చూసి, ఆగిపోయింది. అవతల పెద్దామె వీపు ఇటు తిప్పి ఒక్కత్తే తింటోంది. చిన్నామె కాసేపు గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత కంచం కడిగి ఆయన ముందు పెట్టింది. అన్నం, కూర వడ్డించింది.

లెక్కలాయన కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కూరలో ఉప్పు తక్కువే.

"ఎలా ఉందన్నయ్యా?"

"చాలా బాగుందమ్మా" అన్నాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు. కంచంలో ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు. తినేదాకా ఆమె నిలబడే ఉంది. చెయ్యి కడుక్కోవడానికి లేవబోతుంటే, భుజం పట్టి కూర్చోబెట్టినంత పని చేసి, కంచంలో ఇంకో గరిటె వేసింది.

"అది ఆ రోజుది. ఇది ఇవాళ్టిది" అంది.